డీఎన్‌ఏ ఒరిగామీ: మొదటి దీర్ఘచతురస్రాన్ని మడవడం ఎలా?

డీఎన్‌ఏతో నానో ఆకారాలు కట్టవచ్చని (పోగును కాగితపు బొమ్మలా మడిచే ఈ పద్ధతే ఒరిగామీ) చదివిన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవే: ఏమేం కొనాలి? ఎంతెంత కలపాలి? ట్యూబులో ఉన్నది నిజంగా మడత పడిందని ఎలా తెలుస్తుంది? పీసీఆర్ మెషిన్, జెల్ పెట్టె (కరెంటుతో డీఎన్‌ఏను బ్యాండ్లుగా వేరుచేసేది), చిన్న సెంట్రిఫ్యూజ్ ఉన్న ఏ మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లోనైనా ఇది రెండు రోజుల పని. ఇంట్లో చేసేది కాదు.

ఇక్కడ తీసుకున్న ఆకారం చదునైన దీర్ఘచతురస్రం, సుమారు 100 × 70 నానోమీటర్లు. 2006లో అమెరికాలోని కాల్‌టెక్‌కు చెందిన పాల్ రోథ్‌మండ్ నేచర్ పత్రికలో చూపించిన ఆకారాల్లో ఇదొకటి. నవ్వుముఖం, నక్షత్రం కూడా అందులోవే. చూడ్డానికి అవే ముచ్చటగా ఉంటాయి గానీ మొదటిసారికి దీర్ఘచతురస్రాన్నే పట్టుకోండి. ఎన్నో ల్యాబ్‌లు దీన్ని మడిచాయి కాబట్టి మీ ఫలితం తేడాగా వస్తే పోల్చుకోవడానికి బొమ్మలు బోలెడు దొరుకుతాయి. మూడు కొలతల (3డీ) దిమ్మల జోలికి ఇప్పుడే వెళ్లకండి. వాటికి మెగ్నీషియం ఎక్కువ కావాలి, చల్లార్చే సమయం ఎక్కువ కావాలి, చెడిపోయే దారులూ ఎక్కువే.

సిద్ధాంతం ఇంత తెలిస్తే చాలు. ఎం13 అనే బాక్టీరియోఫేజ్ (బాక్టీరియాకు సోకే వైరస్) నుంచి వచ్చే ఒంటిపోగు డీఎన్‌ఏ వలయంలో 7249 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) ఉంటాయి. దీన్ని స్కాఫోల్డ్ అంటారు. అందులో దూరదూరంగా ఉన్న చోట్లను పట్టి పక్కపక్కకు చేర్చే చిన్న పోగులు స్టేపుళ్లు. పొడుగాటి తాడును చాప వెడల్పున అటూ ఇటూ మడిచి, వరసల్ని దారంతో కలిపి కుట్టినట్టు అన్నమాట. డీఎన్‌ఏ పోగుల నిండా ఋణావేశం ఉంటుంది కాబట్టి వరసలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ నెట్టుడును అణచేది మెగ్నీషియం. ఈ పనిలో చెడిపోయే ట్యూబుల్లో చాలావాటి వెనక, ఏదో ఒక అడుగులో తెలియకుండా తగ్గిపోయిన మెగ్నీషియమే ఉంటుంది. అందుకే ప్రతి అడుగులో అది ఎంతుండాలో విడిగా చెబుతున్నాం.

కావలసినవి

- స్కాఫోల్డ్‌గా ఎం13ఎంపీ18 ఒంటిపోగు డీఎన్‌ఏ. మిల్లీలీటరుకు 250 మైక్రోగ్రాముల గాఢతతో అమ్ముతారు. అది సుమారు 100 నానోమోలార్.
- 216 స్టేపుళ్లు, ఒక్కొక్కటి 32 బేస్‌లు, 96 గుంటల ప్లేట్లలో, 100 మైక్రోమోలార్ గాఢతతో. మామూలు డీసాల్టింగ్ (లవణాలు తీసేయడం) చాలు. హెచ్‌పీఎల్‌సీ శుద్ధికి డబ్బు తగలేయకండి.
- వాడే గాఢతకు 50 రెట్ల టీఏఈ, 10 రెట్ల టీబీఈ (రెండూ బఫర్లు), 1 మోలార్ మెగ్నీషియం అసిటేట్, 1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్.
- అగరోజ్, సైబర్ సేఫ్ రంగు, 1 కేబీ ల్యాడర్ (సైజులు తెలిసిన డీఎన్‌ఏ ముక్కలు).
- 100 కిలోడాల్టన్ల అమికాన్ ఫిల్టర్లు, అర మిల్లీలీటరువి. లేదా పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) 8000.
- ఏఎఫ్‌ఎం (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి చూపే మైక్రోస్కోపు) అందుబాటులో ఉంటే మస్కొవైట్ అభ్రకం ముక్కలు, కొద్దిగా నికెల్ క్లోరైడ్.

రెండు హెచ్చరికలు. కేటలాగుల్లో ఎం13ఎంపీ18 పేరుతోనే జంటపోగు డీఎన్‌ఏ కూడా ఉంటుంది, దాన్ని ఆర్‌ఎఫ్ రూపం అంటారు. పొరపాటున అది తెప్పిస్తే ఏ స్టేపులూ అతకదు, ఎందుకంటే అతకాల్సిన చోట అప్పటికే జత ఉంది. ఆర్డరు పెట్టే ముందు ఒంటిపోగు అన్న మాట ఉందో లేదో చూడండి. రెండోది: మెగ్నీషియం క్లోరైడ్ పొడి గాలిలో తేమను బాగా పీల్చుకుంటుంది. పాత డబ్బాలోంచి తూచిన పొడిలో సగం నీళ్లే ఉండొచ్చు. 1 మోలార్ ద్రావణం తయారుగా దొరుకుతుంది, అదే కొనండి.

డిజైన్ సంగతి

మొదటిసారి సొంత డిజైన్ గీయకండి. ప్రచురితమైన దీర్ఘచతురస్రం స్టేపుళ్ల జాబితాను తీసుకోండి. పికాసో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ దీర్ఘచతురస్రం సిద్ధంగా ఉంటుంది. కావలసిన చోట్ల చుక్కలు పెట్టుకుంటే ప్లేట్ల జాబితా కూడా అదే ఇస్తుంది. తర్వాత సొంతంగా గీయాలనుకున్నప్పుడు క్యాడ్‌నానో గానీ, బ్రౌజర్‌లో నడిచే స్క్యాడ్‌నానో గానీ వాడుకోవచ్చు.

అయినా లెక్క మీకు తెలిసుండాలి. 24 హెలిక్సులు (మెలితిరిగిన జంటపోగు వరసలు), ఒక్కోదానిలో 288 బేస్ జతలు: మొత్తం 6912. 216 స్టేపుళ్లను 32తో గుణించినా అదే వస్తుంది. స్కాఫోల్డ్‌లో మిగిలిన 337 బేస్‌లు జత లేకుండా ఒక పక్కన ఉచ్చులా వేలాడతాయి. పొడవు 288 × 0.34, అంటే 98 నానోమీటర్లు. హెలిక్సు మందం 2 నానోమీటర్లే అయినా మధ్యలో సందులతో కలిపి ఒక్కోటి 3 దాకా ఆక్రమిస్తుంది, కాబట్టి వెడల్పు సుమారు 72. ఏఎఫ్‌ఎం ముందు కూర్చున్నప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తుండాలి.

డిజైన్‌లో తప్పకుండా చూడాల్సింది అంచులు. హెలిక్సుల మొండి చివరలు ఒకదానికొకటి అతుక్కునే గుణం ఉంది. అంచు స్టేపుళ్లను అలాగే వదిలేస్తే దీర్ఘచతురస్రాలు కొసకు కొస తగులుకుని గొలుసుల్లా పెరుగుతాయి. అంచు స్టేపుళ్ల చివర నాలుగు టీ (థైమిన్) బేస్‌లు చేర్చండి, లేదా ఆ స్టేపుళ్లను పూర్తిగా తీసేయండి. తీసేయడం చవక, అంచులు కాస్త వదులుగా ఉంటాయి, మొదటి ప్రయత్నానికి అది ఇబ్బంది కాదు. (తీసేస్తే స్టేపుళ్ల సంఖ్య తగ్గుతుంది, కింది లెక్కల్లో 216 బదులు మీ సంఖ్య వేసుకోండి.)

స్టేపుళ్ల వరస ఏ స్కాఫోల్డ్ మీద గీసిందో కూడా సరిచూడండి. 7249, 7560, 8064 బేస్‌ల స్కాఫోల్డ్‌లు మూడూ మార్కెట్లో ఉన్నాయి. ఒకదానికి గీసిన స్టేపుళ్లు ఇంకోదాని మీద పాక్షికంగా అతుకుతాయి. ఏమీ అతకకపోవడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే జెల్‌లో ఏదో ఒక బ్యాండ్ కనిపించి మిమ్మల్ని వారాల తరబడి తిప్పుతుంది.

చేసే పద్ధతి

1. బఫర్ కలపండి. 10 రెట్ల మడత బఫర్ 100 మిల్లీలీటర్లకు: 50 రెట్ల టీఏఈ 20 మిల్లీలీటర్లు, 1 మోలార్ మెగ్నీషియం అసిటేట్ 12.5 మిల్లీలీటర్లు, మిగతా 67.5 మిల్లీలీటర్లు శుద్ధమైన నీరు. 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండా వడకట్టండి. దీన్ని పదోవంతుకు పలచన చేస్తే ట్యూబులో మెగ్నీషియం 12.5 మిల్లీమోలార్ ఉంటుంది. టీఏఈలోని ఈడీటీఏ 1 మిల్లీమోలార్ మెగ్నీషియాన్ని ఒకటికి ఒకటి చొప్పున పట్టేసుకుంటుంది, కాబట్టి నిజంగా పనికొచ్చేది 11.5 మాత్రమే. అది చాలు. ఫాస్ఫేట్ బఫర్లు, పీబీఎస్ లాంటివి మాత్రం ఈ దశలో వాడకండి.

2. స్టేపుళ్ల పూల్ (అన్నీ కలిపిన మిశ్రమం) తయారు చేయండి. ప్లేట్లు పూర్తిగా కరిగాక సెంట్రిఫ్యూజ్‌లో 1000 జీ (భూమ్యాకర్షణకు 1000 రెట్లు) వద్ద ఒక నిమిషం తిప్పి, ఆ తర్వాతే సీలు తీయండి. మూతకు అంటిన చుక్కలు పక్క గుంటలో పడితే కనిపెట్టడం అసాధ్యం. మల్టీచానెల్ పిపెట్‌తో ప్రతి గుంట నుంచి 5 మైక్రోలీటర్లు తీసి ఒక తొట్టెలో కలపండి. 216 స్టేపుళ్లకు 1080 మైక్రోలీటర్లు వస్తుంది. అందులో ఒక్కో స్టేపుల్ గాఢత 100ను 216తో భాగిస్తే 0.463 మైక్రోమోలార్, అంటే 463 నానోమోలార్. ఈ అంకెను ట్యూబు మీద రాయండి. "స్టేపుల్ మిక్స్" అని మాత్రమే రాసిన ట్యూబు ఆరు నెలల తర్వాత ఎందుకూ పనికిరాదు.

పూర్తయిన ప్రతి వరసనూ ప్లేటు బొమ్మ మీద పెన్నుతో కొట్టేస్తూ వెళ్లండి. ఈ పనిలో అందరికీ జరిగే పొరపాటు, మధ్యలో ఫోన్ మోగి ఒక వరస వదిలేయడం. 12 స్టేపుళ్లు పోతే అది మొత్తంలో ఐదున్నర శాతం. అయినా దీర్ఘచతురస్రం మడత పడుతుంది, జెల్‌లో బ్యాండ్ మామూలుగానే కనిపిస్తుంది. ఏఎఫ్‌ఎం కింద పెట్టేదాకా ఆ చిల్లు బయటపడదు.

3. మిశ్రమం కలపండి. 50 మైక్రోలీటర్ల ట్యూబుకు:

- స్కాఫోల్డ్, 100 నానోమోలార్: 5 మైక్రోలీటర్లు (చివరికి 10 నానోమోలార్)
- స్టేపుల్ పూల్: 10.8 మైక్రోలీటర్లు (ఒక్కోటి 100 నానోమోలార్, అంటే స్కాఫోల్డ్‌కు పది రెట్లు)
- 10 రెట్ల మడత బఫర్: 5 మైక్రోలీటర్లు
- నీరు: 29.2 మైక్రోలీటర్లు

నీరు, బఫర్, పూల్, చివర స్కాఫోల్డ్ వరసలో కలపండి. స్కాఫోల్డే ఖరీదైనది, మిగతావి సరిగ్గా పడ్డాయని చూసుకున్నాకే దాన్ని తాకండి. స్కాఫోల్డ్‌ను మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించకుండా మొదటిరోజే చిన్న భాగాలుగా పంచి పెట్టుకోండి.

పది రెట్లు ఎందుకని అడుగుతారు. స్టేపుళ్ల గాఢత అన్నింటికీ సరిగ్గా ఒకేలా ఉండదు, పిపెట్ కూడా ఒకేలా తీయదు. ఎక్కువగా ఉంచితే ఏ ఒక్కటీ కొరత పడదు. 2006 నాటి పనిలో నూరు రెట్లు వాడారు. ఇప్పుడు ఐదు నుంచి పది రెట్లతో సరిపెడుతున్నారు. ఇంకా పెంచితే మడత మెరుగుపడదు, శుద్ధి పని పెరుగుతుంది.

దీంతోపాటు ఇంకో ట్యూబు తప్పకుండా పెట్టండి: అన్నీ అవే, మెగ్నీషియం లేని టీఏఈతో. ఇందులో ఆకారం మడత పడకూడదు. ఈ కంట్రోల్ లేకపోతే జెల్‌లో కనిపించిన బ్యాండ్ ఒరిగామీదేనని చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

4. వేడి చేసి చల్లార్చండి. పీసీఆర్ మెషిన్‌లో మూత వేడి 105 డిగ్రీలు పెట్టి ఈ ప్రోగ్రాం ఇవ్వండి:

- 95 డిగ్రీలు, 5 నిమిషాలు
- 95 నుంచి 65 దాకా, డిగ్రీకి అర నిమిషం
- 65 నుంచి 40 దాకా, డిగ్రీకి 3 నిమిషాలు
- 40 నుంచి 25 దాకా, డిగ్రీకి 1 నిమిషం
- తర్వాత 4 డిగ్రీల దగ్గర నిలపండి

మొత్తం గంటా యాభై నిమిషాలు. మధ్య భాగాన్ని నెమ్మదిగా ఉంచడానికి కారణం, స్టేపుళ్లలో చాలావరకు ఆ వేడిమి పరిధిలోనే అతుక్కోవడం. 95 దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉంచకండి. మెగ్నీషియం ఉన్న ద్రావణంలో అంత వేడికి డీఎన్‌ఏ మెల్లగా తెగుతుంది. స్కాఫోల్డ్ ఒక్కచోట తెగినా ఆకారం దెబ్బతినొచ్చు.

పీసీఆర్ మెషిన్ ఖాళీ లేదా? ట్యూబును గట్టిగా మూసి, రెండు లీటర్ల మరిగిన నీళ్లలో తేలేలా పెట్టి, ఆ గిన్నెను థర్మోకోల్ పెట్టెలో మూత వేసి రాత్రంతా వదిలేయండి. చదునైన దీర్ఘచతురస్రానికి ఇది బాగానే పనిచేస్తుంది. ట్యూబు మూతలోకి ఆవిరి చేరుతుంది కాబట్టి పొద్దున ఒకసారి తిప్పి, కలిపి, అప్పుడు వాడండి.

ఎప్పుడూ చల్లార్చే పద్ధతే అక్కర్లేదు. 2012లో జర్మనీ శాస్త్రవేత్త హెండ్రిక్ డీట్జ్ బృందం, ఒక్కో ఆకారానికి తగిన వేడిమి పట్టుకుంటే అదే వేడిమిలో నిలకడగా ఉంచినా నిమిషాల్లో మడత పడుతుందని చూపించింది. ఆ వేడిమి ఏదో వెతకడానికి ఒకేసారి పలు వేడిమిలు ఇచ్చే గ్రేడియెంట్ పీసీఆర్ కావాలి. అది రెండో నెల పని.

5. జెల్ నడపండి. మొదటి పరీక్ష ఇదే, దీన్ని దాటకుండా ముందుకు పోకండి. 100 మిల్లీలీటర్ల సగం గాఢత టీబీఈలో ఒకటిన్నర గ్రాముల అగరోజ్ కరిగించండి. కొంచెం చల్లారాక 1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 1.1 మిల్లీలీటర్లు, సైబర్ సేఫ్ కలిపి పోయండి. అప్పుడు జెల్‌లో మెగ్నీషియం 11 మిల్లీమోలార్. పెట్టెలో పోసే బఫర్‌లోనూ అంతే ఉండాలి, లీటరుకు 11 మిల్లీలీటర్లు. జెల్‌లో వేసి పెట్టెలో వేయడం మరిచిపోవడం మామూలుగా జరిగే తప్పు. ఒరిగామీ లేన్‌లో పోతూ పోతూ విడిపోయి మసకగా సాగిపోతుంది.

లేన్లు ఇలా నింపండి: ల్యాడర్, స్కాఫోల్డ్ మాత్రమే (1 మైక్రోలీటరును బఫర్‌తో 10కి పెంచి), మెగ్నీషియం లేని కంట్రోల్ 10 మైక్రోలీటర్లు, మడిచిన ట్యూబు నుంచి 10 మైక్రోలీటర్లు. నమూనాకు కలిపే రంగు, అంటే లోడింగ్ డై విషయంలో జాగ్రత్త. కంపెనీ డైల్లో చాలావాటిలో ఈడీటీఏ, కొన్నింట్లో ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉంటాయి. వాటి బదులు గ్లిసరాల్, బ్రోమోఫినాల్ బ్లూ, 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిపి సొంతంగా చేసుకోండి.

70 వోల్టుల దగ్గర రెండు గంటలు. మెగ్నీషియం ఉన్న బఫర్‌లో కరెంటు ఎక్కువ పారుతుంది, పెట్టె వేడెక్కుతుంది. జెల్ పెట్టెను ఐసు నీళ్ల ట్రేలో పెట్టండి. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పని చేస్తుంటే బఫర్‌ను ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టి, ఐసు మధ్యలో ఒకసారి మార్చండి. తొందరపడి 120 వోల్టులు పెడితే బ్యాండ్లు కరిగిపోతాయి.

6. జెల్‌ను చదవండి. సరిగ్గా మడత పడితే ఒరిగామీ లేన్‌లో ఒకే పదునైన బ్యాండ్, స్కాఫోల్డ్ బ్యాండ్ ఉన్న చోట కాకుండా వేరే చోట ఉంటుంది. కింద చివర, మిగిలిపోయిన స్టేపుళ్లు వెడల్పాటి మచ్చలా కనిపిస్తాయి. అది ఉండాల్సిందే, చూసి కంగారు పడకండి. ల్యాడర్‌తో పోల్చి సైజు చెప్పే ప్రయత్నం చేయకండి. మడిచిన ఆకారం సరళమైన డీఎన్‌ఏలాగా పరిగెత్తదు. పోల్చాల్సింది స్కాఫోల్డ్‌తోనూ, కంట్రోల్‌తోనూ.

ఇక తేడా వచ్చినప్పుడు:

- *అంతా వెల్‌లోనే (నమూనా పోసిన గుంటలోనే) ఇరుక్కుంది.* గుంపు కట్టింది. అంచు స్టేపుళ్లకు టీ బేస్‌లు లేవు, లేదా మెగ్నీషియం మరీ ఎక్కువైంది.
- *అసలు బ్యాండ్ పైన ఇంకో బ్యాండ్.* రెండేసి అతుక్కున్నాయి. కొద్దిగా ఉంటే పర్వాలేదు. ఎక్కువైతే మళ్లీ అంచుల సంగతే చూడండి.
- *స్కాఫోల్డ్ ఎత్తులోనే బ్యాండ్ మిగిలింది.* స్టేపుళ్లు తక్కువ పడ్డాయి, లేదా పూల్ గాఢత లెక్క తప్పింది. పూల్ చేసిన స్టేపుళ్ల సంఖ్యతో భాగించడం మరిచిపోయి 100 మైక్రోమోలార్ అనే అనుకోవడం ఇక్కడ తరచుగా దొరికే తప్పు.
- *పై నుంచి కిందికి మసక చార.* మెగ్నీషియం తక్కువ, లేదా స్కాఫోల్డ్ తెగిపోయింది. స్కాఫోల్డ్ లేన్ కూడా మసకగా ఉంటే రెండోదే.
- *కంట్రోల్, ఒరిగామీ ఒకేలా ఉన్నాయి.* రెండు ట్యూబుల్లోనూ ఒకే బఫర్ పడింది. మళ్లీ కలపండి.

బ్యాండ్ ఉంది గానీ పలచగా ఉంటే, ఒకేసారి 6, 10, 12.5, 16, 20 మిల్లీమోలార్ మెగ్నీషియంతో ఐదు చిన్న ట్యూబులు మడిచి పక్కపక్కన నడపండి. ఒక్కో అంకె మార్చి ఒక్కో రోజు చూడటం కన్నా ఇది ఎంతో నయం. కొత్త డిజైన్ ఏది తీసుకున్నా ముందు చేయాల్సిన ప్రయోగం కూడా ఇదే.

7. శుద్ధి చేయండి. మిగిలిన స్టేపుళ్లు తీయకుండా గాఢత కొలిస్తే అంకె తప్పు వస్తుంది, ఏఎఫ్‌ఎంలో అభ్రకం మీద చెత్తలా పరుచుకుంటాయి. రెండు దారులున్నాయి.

ఫిల్టర్ దారి: 100 కిలోడాల్టన్ల అమికాన్‌ను ముందు 500 మైక్రోలీటర్ల ఒంటిరెట్టు (పదోవంతుకు పలచన చేసిన) మడత బఫర్‌తో తడిపి తిప్పండి. తర్వాత నమూనా 50కి బఫర్ 450 కలిపి 2000 నుంచి 5000 జీ మధ్య తిప్పండి. పైన 50 దాకా మిగలాలి. మళ్లీ బఫర్ పోసి మూడుసార్లు చేయండి. 32 బేస్‌ల స్టేపుల్ బరువు సుమారు 10 కిలోడాల్టన్లు, అది కిందికి జారిపోతుంది. ఒరిగామీ బరువు సుమారు 46 లక్షల డాల్టన్లు, అది పైన ఆగుతుంది. చివర ఫిల్టర్‌ను తలకిందులు చేసి కొత్త ట్యూబులో 1000 జీ వద్ద 2 నిమిషాలు తిప్పి తీసుకోండి. 14,000 జీ వద్ద తిప్పమని డబ్బా మీద రాసి ఉండవచ్చు, అది ప్రోటీన్ల కోసం. అంత వేగంతో ఒరిగామీ పొరకు అదుముకుపోతుంది, తిరిగి రాదు. కడిగే ద్రవం నీళ్లు కాకూడదని వేరే చెప్పనక్కర్లేదు గానీ, అలవాటు చొప్పున నీళ్లు పోసేవాళ్లు చాలామందే ఉన్నారు.

పీఈజీ దారి: పరిమాణం ఎక్కువగా ఉన్నప్పుడు ఇది మేలు, చవక కూడా. ద్రావణంలో పీఈజీ 8000 15 శాతం, ట్రిస్ 5 మిల్లీమోలార్, ఈడీటీఏ 1 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 505 మిల్లీమోలార్ ఉండాలి. 50 మైక్రోలీటర్ల నమూనాకు 100 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 4 మైక్రోలీటర్లు చేర్చండి, మెగ్నీషియం 19కి చేరుతుంది. దానికి సమానంగా, అంటే 54 మైక్రోలీటర్ల పీఈజీ ద్రావణం కలిపి, గది వేడిమిలో 16,000 జీ వద్ద 25 నిమిషాలు తిప్పండి. పై ద్రవం తీసేసి, అడుగున పేరుకున్నదాన్ని మడత బఫర్‌లో కలిపి 30 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఊపుతూ కనీసం అరగంట, వీలైతే రాత్రంతా ఉంచండి. అడుగున ఏమీ కనిపించదు, రెండు మైక్రోగ్రాములే కదా. అందుకే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టేటప్పుడే ట్యూబు బయటి వైపు మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, పిపెట్ మొనను రెండో వైపు ఆనించి తీయండి.

8. గాఢత కొలవండి. నానోడ్రాప్‌లో (కాంతి శోషణను బట్టి గాఢత చెప్పే పరికరం) ఖాళీ నమూనాగా ఫిల్టర్ కిందికి జారిన చివరి ద్రవాన్ని వాడండి. జంటపోగు డీఎన్‌ఏ సెట్టింగ్‌లో వచ్చిన అంకెను, అంటే మైక్రోలీటరుకు ఎన్ని నానోగ్రాములో దాన్ని, 4.6తో భాగించండి. 30 వస్తే గాఢత ఆరున్నర నానోమోలార్. పది నానోమోలార్‌తో మొదలెట్టి పది కన్నా ఎక్కువ వచ్చిందంటే, చివరి పరిమాణం 50 కన్నా తగ్గిందా చూడండి. తగ్గకపోతే స్టేపుళ్లు ఇంకా పోలేదు. శుద్ధి చేసిన నమూనాను జెల్‌లో నడిపి, కింది మచ్చ మాయమైందో లేదో చూసుకోండి.

50 మైక్రోలీటర్లలో అర పికోమోల్ స్కాఫోల్డ్ వేశారు. మొత్తం మడత పడితే అవి 30 వేల కోట్ల దీర్ఘచతురస్రాలు. శుద్ధిలో సగం పోయినా ఏఎఫ్‌ఎంకు కావలసినదానికన్నా ఎన్నో రెట్లు మిగులుతాయి, కాబట్టి ఎక్కువ రాబట్టాలని ఫిల్టర్‌ను పిండకండి.

9. కళ్లతో చూడండి. ల్యాబ్‌లో ఏఎఫ్‌ఎం లేకపోతే విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరికరాల కేంద్రాల్లో అడగండి. ద్రవంలో ట్యాపింగ్ మోడ్ (సూది తడుతూ సాగే పద్ధతి) నడుస్తుందా అన్నది మొదటి ప్రశ్న, నమూనాను ద్రవంలో ఉంచే సెల్ ఉందా అన్నది రెండో ప్రశ్న.

గూడూరు గనుల పేరు విన్నవాళ్లకు అభ్రకం కొత్త కాదు. దాని మీద సెల్లోటేప్ అంటించి లాగితే పొర ఊడి, అణువుల స్థాయిలో చదునైన కొత్త ముఖం బయటపడుతుంది. టేపుకు పూర్తి పొర వచ్చిందో లేదో చూడండి. ముక్కలుగా వస్తే మళ్లీ లాగండి. దాని మీద 2 నానోమోలార్ ఒరిగామీ 5 మైక్రోలీటర్లు వేసి రెండు నిమిషాలు ఆగి, పైన 50 మైక్రోలీటర్ల మడత బఫర్ పోయండి. అభ్రకానికీ ఋణావేశమే ఉంది. డీఎన్‌ఏను దానికి అంటించేది ఇక్కడ కూడా మెగ్నీషియమే. ఆకారాలు జారిపోతూ మసకగా కనిపిస్తే 10 మిల్లీమోలార్ నికెల్ క్లోరైడ్ 2 నుంచి 5 మైక్రోలీటర్లు చేర్చండి. నికెల్ ఆరోగ్యానికి చెడ్డది, చేతి తొడుగులు తీయకండి, సింకులో పారబోయకండి.

ముందు 2 × 2 మైక్రాన్ల చోటు, తర్వాత 500 నానోమీటర్ల చోటు స్కాన్ చేయండి. 100 × 70 దగ్గరగా, ఎత్తు 2 నానోమీటర్ల దగ్గరగా ఉండాలి. సూది మొన మందం వల్ల కొలతలు కొన్ని నానోమీటర్లు ఎక్కువగా కనిపించడం మామూలే. ఆకారాలన్నీ ఒకే వైపు ఒకేలా సాగి కనిపిస్తే తప్పు ఒరిగామీది కాదు, సూదిది, మార్చండి.

బాగా వచ్చిన ఒక్కదాన్ని ఫొటో తీసుకుని ఆగిపోవద్దు. ఎక్కడపడితే అక్కడ తీసిన నాలుగైదు చిత్రాల్లో ఓ వంద ఆకారాలు లెక్కపెట్టి, పూర్తిగా ఉన్నవి, చిరిగినవి, రెండు అతుక్కున్నవి అని విడదీయండి. అన్నింటిలోనూ ఒకేచోట చిల్లు ఉంటే అది వదిలేసిన వరస, పూల్ దగ్గరికి తిరిగి వెళ్లండి. చిల్లులు తలోచోట ఉంటే సూది ఒత్తిడి ఎక్కువైంది, లేదా శుద్ధిలో దెబ్బతిన్నాయి. మూలలు కొద్దిగా అరిగినట్టుండటం సహజం. అంచుల దగ్గర స్టేపుళ్లు మధ్యలో అంత బాగా కూర్చోవు.

ఇంకొక సంగతి. ఈ డిజైన్‌లో ఒక మెలికకు 10.67 బేస్ జతలు లెక్కవేశారు, డీఎన్‌ఏ సహజంగా కోరుకునేది 10.5. ఆ చిన్న తేడా వరసల పొడవునా పోగుపడి, ద్రావణంలో ఈ దీర్ఘచతురస్రం కొంచెం మెలితిరిగి ఉంటుంది. అభ్రకం మీద చదునుగా పడుకుంటుంది కాబట్టి కనిపించదు. దీన్ని గట్టి పలకలా ద్రావణంలో వాడాలనుకుంటే మెలిక సరిచేసిన డిజైన్ తీసుకోండి.

నిల్వ

ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, మడత బఫర్‌లోనే ఉంచండి. నెలల తరబడి ఉంటుంది. ఊరికే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయకండి. 1 నానోమోలార్ కన్నా పలచన చేయాల్సి వస్తే, ప్లాస్టిక్‌కు తక్కువగా అంటుకునే లోబైండ్ ట్యూబులు వాడండి. మామూలు ట్యూబు గోడకు అంటుకుని, మరుసటి రోజుకు లోపల ఏమీ లేనట్టవుతుంది. కణాల మీద ప్రయోగానికి తీసుకెళ్తే అక్కడి మీడియంలో మెగ్నీషియం మిల్లీమోలార్‌కు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది, సీరంలో డీఎన్‌ఏను కోసే ఎంజైములూ ఉంటాయి. మీ నమూనా అందులో ఎన్ని గంటలు నిలుస్తుందో ముందు జెల్‌లో చూసుకోండి: 0, 1, 4, 24 గంటల దగ్గర కొంచెం కొంచెం తీసి, పక్కపక్క లేన్లలో.

దీర్ఘచతురస్రం వరసగా రెండు మూడుసార్లు ఒకేలా వచ్చాక, బంగారు నానోరేణువులు గానీ, ప్రోటీన్లు గానీ దానికి అతికించడం మొదలెట్టవచ్చు. కావలసిన చోటున్న స్టేపుల్ చివరను 20 బేస్‌ల మేర పొడిగించి, ఆ ఒక్క స్టేపుల్ మాత్రమే కొత్తగా తెప్పిస్తే చాలు. చోటుకూ చోటుకూ మధ్య దూరం సుమారు 6 నానోమీటర్లు. పొడిగించిన చివర పలక ఏ ముఖం వైపు వస్తుందో డిజైన్ ఫైల్‌లో చూసుకున్నాకే ఆర్డరు పెట్టండి. పాత పూల్‌లో ఆ స్టేపుల్ మామూలు రూపం ఉండనే ఉంటుంది కాబట్టి, దాన్ని వదిలి కొత్త పూల్ కలపాల్సిందే.